చీర కుచ్చిళ్లు నేలకు తగులుతున్నాయంటే

గుడివాడ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా అరుగు మీద కూర్చున్న డెబ్బై ఏళ్ల అమ్మమ్మను పలకరిస్తే నడుం నొప్పి మాట రాకుండా ఉండదు. పీట మీద నుంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు ఆనించాలి. ఒకప్పుడు అందిన గూట్లో డబ్బా ఇప్పుడు అందదు. కట్టుకునేది పాత చీరే, కుచ్చిళ్లు మాత్రం నేలకు రాసుకుంటున్నాయి. "వయసు మీద పడింది కదా" అంటారు ఇంట్లోవాళ్లు. ఆవిడా అదే అనుకుంటుంది. వైద్యం ఆ మాట దగ్గరే ఆగిపోతోంది.

పడుచుతనంలో ఉన్న ఎత్తులో నాలుగు సెంటీమీటర్లు తగ్గిందంటే వెన్నుపూస ఏదో కుంగి ఉండవచ్చు. అది కుంగడానికి కింద పడాల్సిన పని లేదు, నీళ్ల బిందె ఎత్తినా చాలు. ఎముక అంత బలహీనపడటమే బోలు ఎముకల వ్యాధి. ఎముక విరిగేదాకా నొప్పి తెలియదు. దీనికి తోబుట్టువు లాంటిది ఇంకోటి ఉంది. విటమిన్ డి చాలక ఎముక గట్టిపడకుండా మెత్తబడిపోయే జబ్బు. ఇందులో నొప్పి ముందే వస్తుంది. తొడలు, తుంటి, పక్కటెముకలు సలుపుతాయి, నడక బాతు నడకలా మారుతుంది. కీళ్లవాతం అనుకుని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగేవారిలో ఈ జబ్బున్నవాళ్లూ ఉంటారు. ఆ మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే మిగిలిన ఎముకా గుల్లబారుతుంది.

ఎండకు కొదవలేని దివిసీమలో విటమిన్ డి లోపమేమిటని అడగవచ్చు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ పల్లె, పట్నవాసులను పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించింది. పొలాల్లో ఎండకు మాడే పల్లెవాసులు పట్నంవాళ్ల కంటే కొంత మెరుగే. అయినా చాలామందిలో విటమిన్ డి తక్కువే ఉంది, తిండిలో కాల్షియం మరీ తక్కువ. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం 2005లో పేద కుటుంబాల స్త్రీల ఎముకల గురించి రాసినదీ ఇలాంటిదే. ముప్పై నుంచి అరవై ఏళ్ల మధ్య వయసున్న ఆ 289 మందికి రోజుకు అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. నెలసరి ఆగిన స్త్రీకి కావాల్సింది 1,200.

కృష్ణా డెల్టాలో మూడు పూటలా తినేది వరి అన్నం. 100 గ్రాముల బియ్యంలో కాల్షియం మహా అయితే 10 మిల్లీగ్రాములు. అదే రాగుల్లో 350 దాకా ఉంటుంది. పాడి ఉన్న ఇళ్లలోనూ పాలు కేంద్రానికి పోసి, పెద్దావిడకు మజ్జిగ నీళ్లు మిగల్చడం కొత్తేమీ కాదు. ముల్లుతో సహా నమిలి తినే ఎండు మెత్తళ్లు నాగాయలంక వైపు ఇళ్లలో ఉన్న మంచి కాల్షియం నిధి. ఉప్పు కడిగి వండుకోవాలి, అంతే.

1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెననాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూగా ఉన్నారు. ఆ రాత్రి ప్రాణాలతో బయటపడి, తర్వాత వంగి వంగి నాట్లు వేసి ఇళ్లు నిలబెట్టినవాళ్లు బాత్రూం గడప దగ్గర జారి తుంటి విరిగి మంచాన పడకూడదు. తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండా చనిపోతున్నారని ప్రపంచవ్యాప్త అనుభవం.

విరిగినచోట పుత్తూరు కట్టు కట్టించినా, ఆపరేషన్ చేసి రాడ్ వేయించినా ఎముక అతికితే చాలనుకుంటారు. నిలబడ్డ ఎత్తు నుంచి పడితే అది ఎందుకు విరిగిందన్నది మాత్రం ఎవరూ అడగరు. అడగాలి. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి పరీక్షలకు కాస్త రక్తం చాలు. మెత్తబడిన ఎముకల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సాధారణంగా పెరుగుతుంది, బోలు ఎముకల్లో మామూలుగానే ఉంటుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే దిగువన ఉంటే బోలు ఎముకల వ్యాధే. తుంటి ఆపరేషన్ అయినవారికి ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముక మందు ఎక్కించి చూసిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. అంత మేలు చేసే మందు మన పెద్దవాళ్లకు అందకపోవడం బాధాకరం. అయితే విటమిన్ డి, కాల్షియం సరిచేసి, మూత్రపిండాలు చూశాకే అది ఇవ్వాలి.

ఇంట్లో జాగ్రత్తలూ చిన్నవి కావు. 60 వేల యూనిట్ల విటమిన్ డి పొడి వారానికొకటి వేసుకోవాల్సింది. రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినవచ్చు. వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ అనే ఎముక మాత్రను పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట నడుం వాల్చకూడదు. వాలిస్తే అన్నవాహిక పుండు పడవచ్చు.

మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. డెల్టా పెద్దల ఎముకల లెక్క అక్కడి నుంచే తేలాలి. తుంటి, మణికట్టు విరిగి చేరిన ప్రతి యాభై దాటిన మనిషికీ డిశ్చార్జి కాగితం మీద ఆ రక్తపరీక్షల ఫలితం, ఎముక మందు పేరు, మళ్లీ రావాల్సిన తేదీ రాసి ఇవ్వాలి. గుడివాడ ఆసుపత్రిలోనూ అంతే. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త బీపీతో పాటు ఎత్తు కూడా కొలిచి రాసుకుంటే, కుచ్చిళ్లు నేలకు తగులుతున్న అమ్మమ్మ పేరు తుంటి విరగకముందే డాక్టరు దగ్గరికి చేరుతుంది.