మామగారి కళ్ళజోడు

తెనాలి నుంచి ఒక సోదరి వ్రాశారు: "పోయిన మా మామగారివీ, ఇంట్లో వాళ్ళవీ కలిపి పెట్టెడు పాత కళ్ళజోళ్ళున్నాయి. పారెయ్యడానికి మనసొప్పదు. మీరు శరణార్థుల శిబిరంలో కళ్ళు పరీక్ష చేసి వచ్చారట గదా, అక్కడికి పంపమంటారా?"

అమ్మా, మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, కాస్త సిగ్గు కూడా పడ్డాను. సరిగ్గా అలాంటి పెట్టె ఒకటి నేనే మోసుకుపోయాను మరి!

కంటి ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పవరు చూసి రిటైరైన దాన్ని. 2019 చలికాలంలో కొందరు డాక్టర్లతో కలిసి బంగ్లాదేశ్‌లోని కుతుపాలాంగ్ శిబిరానికి వెళ్ళాను. 2017 ఆగస్టు తరువాత బర్మా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యాలు 7 లక్షల పైమాటే. వారిలో చాలామంది తలదాచుకున్నది ఆ చుట్టుపక్కల గుట్టల మీదనే. వెదురు తడికలు, పైన టార్పాలిన్, మట్టిగుట్టలకు ఇసుకబస్తాల మెట్లు. ఎక్కి దిగేసరికి నాకే ప్రాణం కడంటేది. చూపు ఆననివాళ్ళ సంగతి చెప్పాలా?

మా వీధంతా తిరిగి పోగుచేసిన జోళ్ళు నూటపాతిక దాకా ఉన్నాయి. మొదటి రాత్రి కూర్చుని ఒక్కొక్కదాని పవరు కొలిచాను. కొన్నిటికి గీతలు, కొన్నిటికి కొమ్మల్లేవు. బాగున్నవాటిలోనూ కుడికంటికి ఒక పవరు, ఎడమకంటికి ఇంకొకటి. ఎవరు చేయించుకున్నారో వారికి తప్ప మరొకరికి అక్కరకు రావు. 2012లో కొందరు పరిశోధకులు ఇలా దానమొచ్చిన జోళ్ళను పరీక్షించి, నూటికి ఏడే పనికొస్తాయని తేల్చారు. వాటిని ఏరి, కడిగి, కొలిచి, చేరవేసే ఖర్చుతో కొత్తవే వస్తాయట. ఆ సంగతి నాకు తెలియదనుకోకండి. చదివే ఉన్నాను. కాని ఇరుగుపొరుగు ఆప్యాయంగా చేతిలో పెడుతుంటే వద్దనలేకపోయాను.

మర్నాడు ఒక మామ్మ వచ్చింది. అరవై దాటి ఉంటుంది, అక్షరం రాదు. అలాంటివారికి మూడు పళ్ళ దువ్వెన వంటి గుర్తులున్న అట్ట చూపిస్తాం. పళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. ఎడమకంట్లో శుక్లం బాగా ముదిరిపోయింది. కుడికన్ను ఫరవాలేదు గాని చత్వారం. నా హైదరాబాదు ఉర్దూ కొంత, దుబాసీ అమ్మాయి కొంత కలిపి అడిగితే, సూదిలో దారం ఎక్కడం లేదన్నదే ఆవిడ బాధ. కళ్ళజోడంటే చదువుకునేవాళ్ళకే అనుకుంటాం మనం. అస్సాం తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గర చూపు అద్దాలిస్తే, లేనివాళ్ళకన్నా నూటికి 20 వంతులు పైగా ఎక్కువ ఆకు కోశారని 2018లో అచ్చయింది.

మామ్మకు నా పెట్టెలోంచి ఇంచుమించుగా సరిపోయే జోడొకటి తీసి పెట్టాను. అది రెండు పవర్ల అద్దం. పెద్దరికానికి "బాగుంది" అన్నది పాపం. అలాగే పెట్టుకుని బయటికి నడిచి, కింది అద్దంలోంచి మెట్టు ఆనక తూలింది. మనవరాలు పట్టుకోబట్టి మోకాలు గీరుకోవడంతో సరిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

పెట్టె మూసేశాను. మరునాడు కొత్తది, రెండువైపులా ఒకే పవరున్న దగ్గర చూపు జోడు ఇచ్చి, నడిచేటప్పుడు తియ్యాలని పదిసార్లు చెప్పాను. మూడోసారికి సూదిలో దారం ఎక్కింది. ఇక చూడండి, మనవరాలి చిరిగిన చొక్కా చెయ్యి పట్టుకుని అక్కడే కుట్టడం మొదలెట్టింది. వెనక వరస ఆగిపోయింది.

ఎడమకంటికి ఆపరేషనంటే శిబిరం దాటి కాక్స్ బజారు పట్నానికి వెళ్ళాలి, దానికి అనుమతి కావాలి. మామ్మ ససేమిరా అన్నది. కత్తి భయమేమో అనుకున్నాను. కాదు. "ఒకసారి ఇల్లు దాటాను, మళ్ళీ చూడలేదు. ఇది దాటితే తిరిగి రానిస్తారా?" అన్నది. దానికి నా ఆసుపత్రి అనుభవంలో జవాబు లేదు. చివరికి, ఆపరేషను చేయించుకుని తిరిగొచ్చిన పొరుగామె వచ్చి పక్కన కూర్చుంటే, రెండో వారంలో కోడలిని వెంటబెట్టుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక రోజుకు నాలుగుసార్లు చుక్కలు వెయ్యాలి. ఇంట్లో గడియారం లేదు. నమాజు వేళలు లెక్కపెట్టుకుని కోడలే వేసింది.

కాబట్టి అమ్మా, మామగారి జోడు ఇంట్లోనే జ్ఞాపకంగా ఉంచుకోండి. పంపే ఖర్చేదో కొత్త జోళ్ళకు ఇవ్వండి. దగ్గర చూపు జోడు ఖరీదు ఏమంత కాదు.

నా పెట్టె అటక మీద అలాగే ఉంది. తన జోడు ఎవరి కళ్ళకు చేరిందని పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ వారం పత్రిక ఆవిడ చేతికి అందకముందే నేనే వెళ్ళి చెప్పుకోవాలి.