రాశి సరే... వెనక లేబుల్ చూశారా?

పుట్టినరోజుకి తన రాశి పేరున్న ఐషాడో ప్యాలెట్ కావాలని మీ అమ్మాయి అడుగుతోందా? సింహానికి ఎరుపు, నారింజ. మీనానికి నీలం, మెరుపులు... ముచ్చటగానే ఉంటాయి. ఆ సరదాని కాదనకండి. కానీ రెండు ప్యాలెట్లను పోల్చాల్సింది మూత మీది బొమ్మను బట్టి కాదు, వెనకున్న లేబుల్‌ని బట్టి. కొన్ని ముదురు ఎరుపు, గులాబీ రంగులను కంటి చుట్టూ వాడటానికి అమెరికాలో అనుమతి లేదు. అందుకే కొన్ని కంపెనీలు వాటిని ‘ప్రెస్‌డ్ పిగ్మెంట్’ పేరుతో అమ్ముతూ, కళ్లకు వాడొద్దని చిన్న అక్షరాల్లో రాస్తాయి. మెరుపు రేణువులు కంట్లో పడితే నల్లగుడ్డు గీసుకుపోవచ్చు. తెరిచిన డబ్బా బొమ్మలో 12 అని ఉంటే, మూత తీశాక ఏడాదే వాడాలి. అక్కాచెల్లెళ్లయినా ఒకే బ్రష్ వాడకూడదు. రాశులు పన్నెండున్నా, కళ్లు రెండే!