పంటినొప్పికి డోలీ కట్టేదెవరు?

మారేడుమిల్లి మన్యంలో బండి పోలేని కొండమీది గూడేలలో కాన్పు కష్టమైతే డోలీ కడతారు. జ్వరం ముదిరితే కడతారు. పంటినొప్పికి డోలీ కట్టేవారు మాత్రం అరుదు. నడవగలిగినవాడు సంతకు వచ్చినప్పుడు ఏదో ఒక మాత్ర కొనుక్కుంటాడు. కాళ్ళు చచ్చుబడినవారు, మాట రానివారు, మానసిక ఎదుగుదల లేని పిల్లలు ఆ నొప్పిని నోట్లోనే దాచుకుంటున్నారు.

నొప్పి అని చెప్పలేని పిల్లవాడు అన్నం మానేస్తాడు, చెంప బాదుకుంటాడు, రాత్రిళ్ళు ఏడుస్తాడు. ఇంట్లోవారు మొండితనమనో, గాలి సోకిందనో అనుకుంటారు. నోరు తెరిచి చూసేవారే వుండరు. మూర్ఛకు ఏళ్ళ తరబడి వాడే ఫెనిటాయిన్ మాత్రలతో కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళమీదికి పెరుగుతాయి. అలాగని మాత్రలు మానరాదు. డాక్టరుకు చూపిస్తే తగిన మార్గం చెబుతారు.

గిరిజనులలో కనిపించే సికిల్‌సెల్ రక్తవ్యాధి సంగతి మరీ ముఖ్యం. ఈ వ్యాధి వున్నవారికి పన్ను బాగానే వున్నా దవడ ఎముకలో నొప్పి రావచ్చు. చీము పట్టిన పన్నును అశ్రద్ధ చేస్తే ఒళ్ళంతా నొప్పులతో ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల పన్ను పీకించుకోబోయే ముందు ఈ వ్యాధి సంగతి డాక్టరుకు చెప్పితీరాలి. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఒక పథకం ప్రారంభించింది. రక్తపరీక్ష జరిగిన వారికి నోటి పరీక్ష కూడా చేయిస్తే పోయేదేముంది?

చట్టానికి లోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సికిల్‌సెల్‌ను సైతం వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆదాయ పరిమితికి లోబడి దగ్గరలోనే, ముఖ్యంగా పల్లెల్లో, ఉచిత వైద్యం అందాలని, ఆసుపత్రిలో వీరిని ముందుగా చూడాలని చెప్పింది. కాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో సాధారణంగా దంతవైద్యుని పోస్టే వుండదు. మారేడుమిల్లి నుంచి రంపచోడవరం ఏరియా ఆసుపత్రికి పాతిక కిలోమీటర్లకు పైమాటే. గూడెం నుంచి రోడ్డు దాకా వచ్చే దూరం దీనికి అదనం.

సదరం శిబిరానికి వికలాంగులు ఎలాగోలా వస్తారు, సర్టిఫికెట్టు లేనిదే పింఛను రాదు గనుక. అక్కడ ఎముకల డాక్టరు, కంటి డాక్టరు చూస్తారు. శాతం లెక్కకు పన్నుతో పనిలేదు కాబట్టి పళ్ళ డాక్టరును పిలవరు! ఆయనకూ ఒక కుర్చీ వేయిస్తే ఒకే ప్రయాణంలో రెండు పనులు జరుగుతాయి. నెలకొకసారి సంత రోజున దంతవైద్యుడిని మారేడుమిల్లికి పంపే ఏర్పాటును ఐ.టి.డి.ఎ., వైద్యశాఖ కలిసి చెయ్యాలి. రాలేనివారి పేర్లు ఆశా కార్యకర్తలకు తెలిసే వుంటాయి. వారి ఇళ్ళకే వెళ్ళాలి.

అంతవరకు ఇంట్లోవారు కొంత చెయ్యవచ్చు. చేతి పట్టు లేనివారికి బ్రష్ కాడకు గుడ్డగాని సైకిలు ట్యూబు ముక్కగాని చుట్టి లావు చెయ్యాలి. తామే తోమలేని వారిని కూర్చోబెట్టి, వెనుక నుంచి తల ఆనించుకుని మెల్లగా తోమాలి. పేస్టు శనగగింజంత చాలు. రాత్రి తీపి మందు తాగించిన తరువాత తడిగుడ్డతో పళ్ళు, చిగుళ్ళు తుడవడం మరువరాదు.