పచ్చిపాల సీసా మీద ఆ మాట రాయించండి

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ చైర్‌పర్సన్ గారికి,



నగరాల్లో ఇప్పుడు పచ్చిపాలు గాజు సీసాల్లో, మామూలు పాలకంటే బాగా ఎక్కువ ధరకు గుమ్మంలోకి వస్తున్నాయి. వేడి తగలని పాలలోనే బలమంతా ఉందని కొందరు నూరిపోస్తున్నారు. ఇన్నాళ్లూ మనల్ని కాపాడింది ఇంటి పొయ్యే. వాడికగా పోయించుకున్న పాలను వెంటనే పొంగించే అలవాటు ఉంది కాబట్టే బ్రూసెల్లా, పశువుల క్షయ క్రిములు చాలావరకు గిన్నెలోనే చచ్చాయి. డెయిరీలో అయితే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు చాలు. అలాంటి జాగ్రత్తను చాదస్తమంటుంటే మీరు చూస్తూ ఊరుకోవచ్చా?

విడిపాలు నిషేధించమని అడగను. రెండు గేదెలున్న ఇల్లాలి పొట్ట కొట్టడం మీకు తేలికే. ఆమె నీళ్లు కలిపితే లాక్టోమీటరు పట్టేస్తుంది (అదీ పంచదార కలపకపోతే). క్రిముల సంగతి మాత్రం అది చెప్పదు. 2024 ఆగస్టులో పాలను ఏ1, ఏ2 అని వేరుచేసి అమ్మే ప్రచారం ఆపమని ఆదేశించి, కొద్ది రోజులకే వెనక్కి తీసుకున్నారు. ఈసారైనా గట్టిగా నిలబడండి. ‘కాచి తాగాలి’ అని ప్రతి పచ్చిపాల సీసా మీదా పెద్దక్షరాల్లో ఉండాలి. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా కేంద్ర పథకంలో ఉచితమే. అది వేయించిన పాడి ఏదో కొనేవాళ్లకు తెలిసే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
రోజూ పాలు కొనే ఒక గృహస్థు