జరీ గుడ్డ కింద జీను

శ్రావణం ముహూర్తాలొస్తే విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో గుర్రమెక్కిన పెళ్లికొడుకులు కనబడతారు. 1757లో బొబ్బిలి యుద్ధం చూసిన నేల కదా, గుర్రమంటే మోజే! జీను మీద జరీ గుడ్డ కప్పేస్తారు. పొట్ట కింద బిగించే తోలు పట్టీని మాత్రం ఎవరూ చూడరు. టపాసుల మోతకి గుర్రం ఉలిక్కిపడితే తెగేది అదే.

తోలుకి చెమట పెద్ద శత్రువు. నీరు ఆరిపోయినా ఉప్పు లోపలే ఉండిపోయి తోలు పెళుసుబారుతుంది. ఆ గట్టి పట్టీ ఒరుసుకుని గుర్రానికి పుండు పడుతుంది. నోరులేని జీవి, ఎవరికి చెప్పుకుంటుంది? అందుకే జీను దించిన రాత్రే తడిగుడ్డతో తుడిచెయ్యాలి. "రేపు సూద్దాంలే, ఏటవుద్ది" అనుకోవద్దు.

వారానికోసారి బకిల్స్ విప్పి, బాగా పిండిన స్పాంజితో శాడిల్ సోప్ రుద్దండి. నురగ ఎక్కువొచ్చిందంటే నీళ్లు ఎక్కువైనట్టే. బట్టల సబ్బు తోలులోని నూనెను లాగేస్తుంది. నీడలోనే ఆరబెట్టి, కాస్త చెమ్మ ఉండగానే తోలు నూనె పల్చగా రాయాలి. ఒలకబోస్తే పట్టీ సాగుతుంది, కుట్లూ పాడవుతాయి. మన సముద్రపు గాలికి బూజు తొందరగా పడుతుంది, ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకండి. కళ్లెంలో నోటి ఇనుముకి మంచినీళ్లు చాలు.

పట్టీని బకిల్ దగ్గర మడిచి చూడండి. పగుళ్లుంటే నూనెతో లాభం లేదు, మార్చాల్సిందే. కుట్టు దారం గోటికే ఊడొస్తే ఆ రోజు బేరం వదులుకోండి, అడ్వాన్సు తిరిగిచ్చినా సరే. గుర్రం మాట్లాడుకోడానికి వెళ్లిన పెళ్లివారూ ఆ గుడ్డ ఎత్తి చూడొచ్చు, తప్పులేదు.