కజిన్ బ్రదర్ అంటే నవ్వెందుకు?

ఈ మధ్య ఎవర్ని చూసినా ఇంగ్లీషు దిద్దేవాళ్లే. ఫోన్ తెరిస్తే చాలు, "మీరు రోజూ చేసే పది తప్పులు" అంటూ ఒక వీడియో. అందులో తప్పకుండా ఉండేది ఒకటి: "కజిన్ బ్రదర్ అనకూడదు, కజిన్ అంటే చాలు."

ఎవరికి చాలు? మన ఇళ్లల్లో పెద్దనాన్న కొడుకు, పెద్దమ్మ కొడుకు అన్నయ్యలు. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు బావలు. అన్నయ్యకి రాఖీ కడతాం. బావతో పెళ్లి మాటలే నడుస్తాయి. ఇంత తేడా ఉన్నవాళ్లందర్నీ ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సరిపెట్టేశాడు. ఆ చాలీచాలని మాటకి మనం ఇంకో మాట అతికించి పని జరుపుకుంటున్నాం. ఇందులో తెలివితక్కువతనం ఎక్కడుందో మీరే చెప్పండి.

"ప్రీపోన్" అన్నా అంతే నవ్వు. వెనక్కి జరిపితే పోస్ట్‌పోన్ అయినప్పుడు, ముందుకు జరిపితే ప్రీపోన్ ఎందుకు కాకూడదు? మనం నవ్వుకుంటూ ఉండగానే అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి వెళ్లి కూర్చుంది. 2016లో మన "అయ్యో" కూడా వెళ్లింది. అంతకు ఎప్పుడో ముందే మన పందికొక్కు తెల్లదొరల నోట్లో పడి బాండికూట్ అయింది. పందికొక్కుని సరిగ్గా పలకలేకపోయామని ఏ దొరా సిగ్గుపడలేదు. సిగ్గుపడే పని మటుకు మనకి వదిలేశారు.

వంకాయని మనం బ్రింజాల్ అంటాం, లండన్‌లో ఆబర్జీన్ అంటారు, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. వాళ్లలో వాళ్లు వేళాకోళం ఆడుకుంటారేమో గానీ, ఒకరినొకరు చదువులేనివాళ్లు అనుకోరు. మనమైతే అమెరికా నుంచి వచ్చిన చుట్టం ముందు "లేడీస్ ఫింగర్" అనడానికి కూడా తడుముకుంటాం, అక్కడ ఓక్రా అంటారట కదా అని.

పోనీ, ఇంగ్లీషు పరాయి భాష అనుకుందాం. సొంత తెలుగు దగ్గర మనం చేస్తున్నదేమిటి? మా అపార్ట్‌మెంట్ కింద కూరగాయల బండి దగ్గర ఒకావిడ "ఆనిగెపుకాయ ఎంత?" అనడిగితే, పక్కావిడ కిసుక్కున నవ్వింది. ఆవిడ ఇంట్లో అది సొరకాయ. ఉత్తరాంధ్ర వెళ్తే ఆనపకాయ. ఆనపకాయ, ఆనిగెపుకాయ అక్కచెల్లెళ్లని వింటేనే తెలుస్తోంది, నవ్వడానికి ఏముంది? బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ అని మూడు పేర్లతో పిలుచుకునే దుంప అసలు దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దానికి మన తాతలు పెట్టిన పేరంటూ లేనప్పుడు ఏది శుద్ధం, ఏది మోటు?

ఆగస్టు 29న గిడుగు రామ్మూర్తి గారి ఫొటో పెడతాం. సెప్టెంబరు 9న కాళోజీ గారి ఫొటో పెడతాం. జనం మాట్లాడే మాటే భాష అని పోరాడినవాళ్లు వాళ్లు. మర్నాడే "ఉల్లిగడ్డ" అన్న కోడలి యాసని వెక్కిరిస్తాం.

ఈ నవ్వు ఎక్కువగా ఎవరి మీద పడుతుందో గమనించారా? ఆఫీసులో మగాయన ఉత్తరం చివర "డూ ది నీడ్‌ఫుల్" అని రాస్తే ఎవరూ పళ్లికిలించరు. అదే ఒక అమ్మ స్కూల్ మీటింగ్‌లో "ఐ యామ్ హ్యావింగ్ ఒన్ డౌట్" అంటే, ముందు కన్నపిల్లలే తల దించుకుంటారు. వచ్చే నెల ఆ అమ్మ "మీరే వెళ్లండి" అని భర్తని పంపిస్తుంది. బిడ్డ లెక్కల్లో ఎందుకు వెనకబడిందో రోజూ పక్కన కూర్చునే అమ్మకి తెలుసు. కానీ ఆ మాట టీచరుదాకా వెళ్లదు. నష్టపోయింది ఎవరు? 2012లో శ్రీదేవి "ఇంగ్లిష్ వింగ్లిష్" చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లమే మనం. ఇంట్లో శ్రీదేవిని మాత్రం గుర్తుపట్టలేదు.

దిద్దొద్దని నేననడం లేదు. పరీక్ష రాసే పిల్లకి, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే అబ్బాయికి తప్పకుండా దిద్దండి. పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పండి. నలుగురిలో ఇకిలించి చెప్పేది చదువు కాదు, పొగరు.

మనలో ఎవరైనా నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడితే ముందు విషయం విందాం. పిల్లలు నవ్వితే అక్కడే ఆపి, "ఆవిడ ఏం అడిగింది? ముందు దానికి జవాబు చెప్పు" అందాం.