కార్నివాల్‌కీ పులికీ చుట్టరికం!

పులి, సింహం, తోడేలు... వీటిని ఇంగ్లిషులో 'కార్నివోర్' అంటారని స్కూలు పిల్లలకీ తెలుసు. ఆ మాటకు పుట్టిల్లు లాటిన్. 'కార్నిస్' అంటే మాంసానికి సంబంధించినది, 'వొరారే' అంటే ఆబగా మింగడం. మన 'మాంసాహారి' కూడా ఇలా రెండు మాటలు కలిసిందే. కాకపోతే మనది మర్యాదగా ఆరగిస్తుంది, లాటిన్‌ది గుటకాయస్వాహా చేస్తుంది!

ఈ 'కార్నిస్' బంధువర్గం పెద్దదే. ఈస్టరుకు ముందు క్రైస్తవులు పాటించే 40 రోజుల ఉపవాస దీక్షలో పూర్వం మాంసం ముట్టేవారు కాదు. అందుకే దీక్షకు ముందే కడుపారా తిని ఆడిపాడేవారు. అదే 'కార్నివాల్'. మాంసాన్ని పక్కన పెట్టడమని ఆ మాటకు మూలార్థం. దేవుడు శరీరం ధరించడాన్ని 'ఇన్‌కార్నేషన్' అనేదీ ఇందుకే.

'వొరారే'కి మన వైపూ చుట్టాలున్నారు. మింగడాన్ని సంస్కృతంలో 'గిరతి' అంటారు. రెంటికీ మూలం ఒకటేనంటారు భాషావేత్తలు. పొగగొట్టాలు వదిలే 'ఉద్గారాలు' ఆ ధాతువు నుంచి వచ్చినవే. మింగింది కక్కడమన్నమాట!

ఇక అసలు తిరకాసు. కుక్క, పిల్లి, ఎలుగుబంటి వంటి జంతువులున్న క్రమానికి శాస్త్రవేత్తలు 'కార్నివోరా' అని పేరు పెట్టారు. జెయింట్ పాండా కూడా అందులోదే. కానీ దాని తిండిలో దాదాపు 99 శాతం వెదురే! మాంసంతోనే బతికే మొసలికీ గద్దకూ మాత్రం అక్కడ చోటు లేదు. 'కార్నివోర్' తిండిని బట్టి వచ్చిన పేరు, 'కార్నివోరా' వంశాన్ని బట్టి ఇచ్చిన పేరు. పిల్లలు పరీక్షలో ఈ తేడా మరిచిపోతే మార్కులు గుటుక్కుమంటాయి!